రుచి చూపించే ఆట... రుచి మరిగించే ఆట

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరు పొద్దున్నే బయల్దేరుతుంది. సెలవుల్లో అయితే కిటికీ పక్క సీటు కోసం పిల్లల పేచీ కొత్తవలస దాకా సాగుతుంది. శృంగవరపుకోట వచ్చేసరికి ఇడ్లీ పొట్లాలు ఖాళీ అవుతాయి, పేచీలు చల్లారతాయి, చేతుల్లోకి ఫోన్లు వస్తాయి. అమ్మ ఫోన్‌తో ఒకరు, నాన్న ఫోన్‌తో ఇంకొకరు. ‘కాసేపు బయటికి చూడండర్రా, ఇంత దూరం వచ్చింది కొండలు చూడ్డానికే కదా’ అని పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. వినేదెవరు?

బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. ఈ మార్గంలో 58 సొరంగాలున్నాయి. మొదటి సొరంగంలో పెట్టెలోని పిల్లలంతా కలిసి ‘ఓ...’ అని అరుస్తారు. రెండోదానికి గొంతులు సగమవుతాయి. మూడోదానికల్లా ఇంకో రకం కేక వినిపిస్తుంది.

‘నాన్నా, ఆట పోయింది!’

పోయింది ఆట కాదు, సిగ్నల్. కానీ ఈ రోజుల్లో పిల్లలకు ఆ రెంటికీ తేడా లేదు. ఫోన్లోకి దింపుకొన్న ఆట ఫోన్లోనే ఉంటుంది. పైసా కట్టక్కర్లేదని, అన్ని హంగులూ ఉన్న పూర్తి ఆట అనీ చెప్పి మరీ ఇచ్చారు. అయినా సరే, ఎక్కడో ఉన్న కంప్యూటర్‌తో నిమిషనిమిషానికీ మాట్లాడుకుంటే తప్ప అది కదలదు. సొరంగం దాటితే కొండ అడ్డం, కొండ దాటితే మళ్లీ సొరంగం. బొర్రా గుహలు స్టేషన్ వచ్చేదాకా తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది.

అదే పెట్టెలో ఎదుటి సీటు పిల్లాడి దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉందనుకోండి. అందులో ఏదో ఆట తాలూకు డెమో. ఉన్నవి నాలుగే లెవెళ్లు. ఐదోది కావాలంటే కొనుక్కోవాలి. అయినా ఆ నాలుగూ సొరంగంలోనూ ఆడుకోవచ్చు, శిమిలిగూడ స్టేషన్లో రైలు ఆగినప్పుడూ ఆడుకోవచ్చు. వచ్చే ఏడాది సెలవుల్లోనూ ఆడుకోవచ్చు. ఈ ఇద్దరిలో ఎవరి దగ్గర పూర్తి ఆట ఉన్నట్టు?

తిని చూసి తీసుకోండి

అరకులో దిగాక సంతకు వెళితే ఈ ప్రశ్నకు పాతకాలపు జవాబు ఒకటి దొరుకుతుంది. పనసపండు అమ్మే మనిషి ఒక తొన తీసి చేతిలో పెడుతుంది. ‘తిని చూడండి బాబూ, తియ్యగుంటేనే తీసుకోండి’ అంటుంది. అది డెమో. నచ్చి కొన్నాక పైన మరో రెండు వేస్తే అది కొసరు. తొనలో ఉన్న తీపి పండులోనూ ఉంటుంది, ఎందుకంటే ఆ తొన ఆ పండులోదే. కొనకుండా వెళ్లిపోయినా తిన్న తొన తిన్నట్టే. ఎవరూ వెనకాల పడి వసూలు చేయరు.

కొండల్లో ఇలాంటి నిజాయతీ ఎప్పుడూ రెండు వైపులా లేదు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు చింతపండుకూ అడ్డాకులకూ ఎంత కొలిచారో, ఎంత కట్టారో గిరిజనులకు తెలిసేది కాదు. అందుకే 1956లో గిరిజన సహకార సంస్థను విశాఖపట్నం కేంద్రంగా పెట్టారు. కొలత కళ్ల ముందు జరగాలన్నది అక్కడి బేరంలో ఇప్పటికీ మొదటి మాట. కంప్యూటర్ ఆటల బేరంలోనూ అదే మొదటి మాట కావాలి. కాకపోతే ఇక్కడ కొలత మారుతూ వచ్చింది.

మూడింట ఒకటి ఉచితం

ఆటలకు రుచి చూపించే పద్ధతి వ్యాపారంగా స్థిరపడింది అమెరికాలో, 1980లలో. స్కాట్ మిల్లర్ అనే కుర్రాడు సొంతంగా ఆటలు రాసి, వాటిని పూర్తిగానే పంచేవాడు. నచ్చితే డబ్బు పంపండి అని అడిగేవాడు. అందరూ ఆడారు, పంపినవాళ్లు మాత్రం బహు కొద్దిమంది. మనుషులు చెడ్డవాళ్లని కాదు. పండు మొత్తం చేతికొచ్చాక చిల్లర వెతుక్కోవడానికి బద్ధకం, అంతే.

దాంతో మిల్లర్ పద్ధతి మార్చాడు. 1987లో వచ్చిన క్రోజ్ అనే ఆటను మూడు భాగాలు చేశాడు. మొదటి భాగం ఉచితం. ఎవరైనా ఎంతమందికైనా కాపీ చేసి ఇచ్చుకోవచ్చు. మిగిలిన రెండూ కావాలంటే డబ్బు పంపాలి. ఈసారి డబ్బు వచ్చింది. ఇదే బాటలో 1990లో కమాండర్ కీన్, 1992లో వోల్ఫెన్‌స్టైన్ 3డి వచ్చాయి. 1993 డిసెంబరు 10న డూమ్ వచ్చింది. డూమ్‌ది కూడా మూడు భాగాల కథే. ఉచితంగా ఇచ్చిన మొదటి భాగంలో ఒక రహస్య లెవెల్‌తో కలిపి మొత్తం 9 లెవెళ్లు. అదంతా రెండు ఫ్లాపీల్లో పట్టేది.

ఆ తొమ్మిది లెవెళ్ల గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. అది ముక్క కాదు. మొదలుంది, చివర పెద్ద రాక్షసులతో పోరు ఉంది, ముగింపు ఉంది. ఆయుధాల్లో ఒకటి రెండు తప్ప అన్నీ అందులోనే. గడియారం లేదు, పేరు నమోదు లేదు. ‘ఇక్కడి వరకు మీది, ఇక్కడి నుంచి మాది’ అని గీత గీసి చూపించారు. గీతకు ఇవతల ఉన్నది మాత్రం నిజంగానే ఆడేవాడి సొంతం. 1993 నాటి ఆ ఫ్లాపీలు ఎవరి దగ్గరైనా పాడవకుండా ఉంటే, తగిన కంప్యూటర్ దొరికితే, అది ఇవాళ కూడా ఆడుతుంది.

మన దగ్గరికి ఈ ఆటలు కొంచెం ఆలస్యంగా, చాలా దొడ్డిదారుల్లో వచ్చాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోనో విశాఖ ద్వారకానగర్‌లోనో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటే కొట్టువాళ్లే డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ రాష్ వేసి ఇచ్చిన రోజులవి. తర్వాత కంప్యూటర్ మాసపత్రికలతో పాటు సీడీలు వచ్చాయి. ఒక్కో సీడీలో పది డెమోలు. పత్రిక నాన్నకు, సీడీ పిల్లలకు. నెలంతా ఆ పదింటితోనే సరి. మిగతా ఆట కొనాలంటే అమెరికాకు డాలర్లు పంపాలి, క్రెడిట్ కార్డు కావాలి. మధ్యతరగతి ఇంట్లో ఆ రెండూ ఎక్కడివి? అందుకే చాలామంది తెలుగు పిల్లలకు డెమోనే పూర్తి ఆట. మొదటి రేసు ట్రాకునే వందసార్లు తిరిగారు. ఏ మలుపులో ఎంత బ్రేకు వేయాలో కళ్లు మూసుకుని చెప్పగలిగేంతగా.

మరి పూర్తి ఆటలు దొరకలేదా అంటే, దొరికాయి. పేవ్‌మెంట్ మీద, యాభైకో వందకో. అది దొంగసరుకు. సగం సీడీలు మధ్యలో ఆగిపోయేవి, ఇంకో సగం వైరస్‌ను వెంటబెట్టుకొచ్చేవి. అలా కొనడం తప్పే. అసలు సరుకు అమ్మే దుకాణమూ, ఇక్కడి జేబుకు తగిన ధరా లేకపోవడం కూడా ఆ తప్పులో ఒక భాగమే.

గడియారం పెట్టిన ఆట

రెండోరకం ట్రయల్ వేరు. ఆట మొత్తం ఇచ్చేస్తారు. అన్ని హంగులూ ఉంటాయి. ఉన్నదల్లా గడువే. బిజువెల్డ్, జూమా లాంటి ఆటలు 2000 తర్వాత ఇలాగే ఇళ్లలోకి వచ్చాయి. జూమా అయితే 60 నిమిషాలు. గంట అయిపోగానే తలుపు మూసుకుంటుంది. మైన్‌క్రాఫ్ట్ కంప్యూటర్ డెమో కూడా ఇలాంటిదే. ఆటలోని ఐదు రోజులు, అంటే మన లెక్కలో 100 నిమిషాలు.

చూడ్డానికి ఇదే పెద్దమనసులా కనిపిస్తుంది. నాలుగు లెవెళ్లు ఇచ్చేవాడికంటే అన్నీ ఇచ్చేవాడు ఉదారుడు కదా! కానీ పిల్లలున్న ఇంట్లో లెక్క వేరేగా తేలుతుంది. ఆట నేర్చుకోవడానికే అరగంట పడుతుంది. అన్నయ్య ఆడి చూపించేసరికి నలభై నిమిషాలు. చెల్లి వంతు వచ్చేసరికి మిగిలేది ఇరవై. మధ్యలో భోజనానికి పిలిచినప్పుడు ఆటను మూయకుండా లేస్తే కొన్నింట్లో గడియారం తిరుగుతూనే ఉంటుంది. నిమిషాలు కాకుండా రోజులు లెక్కపెట్టే ట్రయల్స్ ఇంకా కఠినం. దింపుకొన్న రోజు నుంచి లెక్క మొదలు. ఏజెన్సీలో గాలివాన వచ్చి రెండు రోజులు కరెంటు పోయిందంటే ఆ రెండూ గడువులో పోయినట్టే. చింతపల్లిలో కరెంటు ఉందో లేదో ఆ గడియారానికి ఏం తెలుసు?

ఇంకో సంగతీ ఉంది. గడువున్న ఆటను పిల్లలు ఆడరు, తరుముతారు. అన్నీ చూసేయాలన్న ఆత్రం. నాలుగు లెవెళ్ల డెమోలో అలా ఉండదు. అవి ఎక్కడికీ పోవు కాబట్టి నింపాదిగా ఆడతారు, దాచిన గదులు వెతుకుతారు, చెల్లికి ఇస్తారు. ఆట నచ్చిందో లేదో తేలాలంటే ఆ నింపాదే కావాలి. పెద్దలు ఉద్యోగం కోసం వాడే సాఫ్ట్‌వేర్ అయితే సంగతి వేరు. అక్కడ అన్ని హంగులతో నెల రోజులు ఇస్తేనే పనికొస్తుందో లేదో తెలుస్తుంది. ఆట పని కాదు కదా.

మూడో దారి కూడా ఒకరు తొక్కారు. 1996లో క్వేక్ ఆట డెమో సీడీని చవగ్గా అమ్మారు. అదే సీడీలో పూర్తి ఆటనూ, ఆ కంపెనీ పాత ఆటలనూ తాళం వేసి పెట్టారు. ఫోన్ చేసి డబ్బు కడితే తాళంచెవి లాంటి సంకేతం చెబుతారు. ఆలోచన ముచ్చటగానే ఉంది. కానీ ఎక్కువ రోజులు పట్టకుండానే ఆ తాళాన్ని ఎవరో విప్పేశారు. పండు మొత్తం ఇంట్లో పెట్టి తొన మాత్రమే తినమంటే ఎవరాగుతారు?

తయారుచేసేవాళ్ల కష్టాన్నీ ఒప్పుకోవాలి. డెమో ఊరికే రాదు. దానికి విడిగా మనుషులు, నెలలు, డబ్బు. 1999లో హాఫ్-లైఫ్ వాళ్లు అప్‌లింక్ పేరుతో ఇచ్చిన డెమో కోసం అసలు ఆటలో లేని భాగాన్నే వాడారు. అంత శ్రమ అందరికీ సాధ్యం కాదు. పైగా జెస్సీ షెల్ అనే ఆటల రూపకర్త 2013లో ఒక సదస్సులో లెక్కలు చూపించి మరీ చెప్పాడు... డెమో ఇచ్చిన ఆటల కన్నా, ఊరించే చిన్న వీడియో మాత్రమే చూపించి ఊరుకున్న ఆటలే ఎక్కువ అమ్ముడయ్యాయని. అర్థమేమిటంటే, రుచి చూసినవాళ్లలో చాలామంది ‘చాల్లే’ అనుకున్నారు. అమ్మేవాడికి అది నష్టం, కొనేవాడికి అది డబ్బు మిగలడం. వందల రూపాయల నుంచి వేల రూపాయల వరకూ ఉండే ఆటను పండగకు కొనిపెట్టే తండ్రి ఏ వైపు నిలబడాలో వేరే చెప్పక్కర్లేదు.

మొత్తం ఉచితమే... తర్వాత?

స్మార్ట్‌ఫోన్ వచ్చాక డెమో అన్న మాటే పిల్లల నోట వినబడటం తగ్గింది. ఇప్పుడన్నీ పూర్తి ఆటలే, అన్నీ ఉచితాలే. వాటి డబ్బంతా ఆట లోపల ఉంటుంది. బట్టలకు, తుపాకుల రంగులకు, నాణేలకు, ఓడిపోయిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టడానికి. పాత డెమో గేటు దగ్గరే టికెట్ ధర చెప్పేది. ఇది లోపలికి రానిచ్చి, కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, లేవబోతుంటే బిల్లు చూపిస్తుంది. ఆ బిల్లు ఎప్పటికి ముగుస్తుందో ఎక్కడా రాసి ఉండదు, ఎందుకంటే ఆటకే ముగింపు లేదు.

ఈ రెండు పద్ధతులూ ఒకసారి ఎదురెదురుగా నిలబడ్డాయి. 2016 డిసెంబరులో నింటెండో కంపెనీ సూపర్ మారియో రన్ అనే ఫోన్ ఆట తెచ్చింది. మొదటి మూడు లెవెళ్లూ ఉచితం. నచ్చితే ఒకేసారి పది డాలర్లు, ఇక జీవితంలో మరో పైసా అడగరు. అచ్చం పనస తొన బేరమే. కానీ జనం ధర ఎక్కువని గొణిగారు. మరుసటి ఏడాది అదే కంపెనీ ఫైర్ ఎంబ్లమ్ హీరోస్ అనే ఆటను మొత్తం ఉచితంగా వదిలింది. అదృష్టం కొద్దీ వచ్చే వీరుల కోసం మళ్లీమళ్లీ డబ్బు కట్టే పద్ధతి. మారియో కన్నా దీనికే ఎక్కువ సొమ్ము వచ్చింది. పది డాలర్లు ఎక్కువన్న లోకమే పది పదులు చెల్లించిందన్నమాట. తర్వాత మిగతా కంపెనీలు ఏ బాట పట్టి ఉంటాయో ఊహించుకోవచ్చు.

అన్నట్టు, అంత నిజాయతీగా మొదలైన మారియో ఆటకూ ఒక లోపం ఉండేది. దొంగకాపీల భయంతో, నెట్ ఉంటే తప్ప నడవకుండా దాన్ని తెచ్చారు. కిరండూల్ పాసింజర్లో అదీ ఆగేదే!

ఆట లోపలి బిల్లు ఎంత దూరం వెళుతుందో తెలియాలంటే ఫోర్ట్‌నైట్ కథ చూడాలి. ఆ ఆట తయారుచేసిన ఎపిక్ కంపెనీ, తికమక పెట్టే బటన్లతో ఆటగాళ్లు అనుకోకుండా కొనేలా చేసిందన్న ఆరోపణపై 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చింది. వినియోగదారులకు తిరిగివ్వడానికి 24.5 కోట్ల డాలర్లు కట్టేందుకు అంగీకరించింది. ఆడినవాళ్లలో పిల్లలూ ఉన్నారు, నొక్కినవాళ్లలోనూ ఉన్నారు. కార్డు మాత్రం అమ్మానాన్నలది. మన దగ్గర ఓటీపీ, పిన్ అడ్డం ఉన్నాయి నిజమే. కానీ నాన్న పిన్ తెలియని పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారు?

తెలుగు రాష్ట్రాల్లో ఇంకా చేదు రకం ట్రయల్ ఒకటి నడిచింది. ఆన్‌లైన్ రమ్మీ. చేరగానే బోనస్ అన్నారు. ఊరికే ఆడుకోవడానికి ఉత్తుత్తి చిప్స్ ఇచ్చారు. నాలుగు చేతులు గెలిచిన మనిషికి తానే మొనగాణ్ననిపిస్తుంది. ఆ తర్వాత అసలు డబ్బుతో పిలుపు. రుచి చూపించడం కాదిది, రుచి మరిగించడం. తెలంగాణ 2017లోనే దీన్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాన్ని సవరించి అడ్డుకట్ట వేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. ఈలోపు ఎన్ని ఇళ్లలో నగలు తాకట్టుకు వెళ్లాయో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు.

కొన్నా సొంతం కానివి

సరే, ఉచితాలు వద్దు, డబ్బు పెట్టి పూర్తి ఆటే కొనేద్దాం అనుకుంటే? అక్కడా చిక్కుంది. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల పందెం ఆటను లక్షలమంది డబ్బిచ్చి కొన్నారు. అది కంపెనీ సర్వర్ల మీద ఆధారపడ్డ ఆట. 2024 మార్చి 31న ఆ సర్వర్లను ఆపేశారు. ఒంటరిగా ఆడుకుందామన్నా అది తెరుచుకోదు. పూర్తి ఆట అనుకుని కొన్నది నిజానికి గడువు చెప్పని ట్రయల్. జూమా కనీసం 60 నిమిషాలని ముందే చెప్పింది! ఇలాంటివి పెరగడంతో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. అమ్ముతున్నది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని మాత్రమేనని 2025 నుంచి అక్కడ దుకాణాలు స్పష్టంగా చెప్పాలి.

పూర్తి ఆటే రాకుండా డెమో ఒక్కటే వచ్చిన వింత కూడా ఉంది. 2014 ఆగస్టులో ప్లేస్టేషన్‌లో పి.టి. అనే చిన్న దెయ్యాల ఆట ఉచితంగా వచ్చింది. ఒకే వసారా, తిరిగిన చోటికే మళ్లీ తిరగడం. జనం జడుసుకుంటూనే ఆడారు. రాబోయే పెద్ద ఆటకు అది రుచి. ఆ పెద్ద ఆట 2015లో రద్దయింది. డెమోను కూడా దుకాణం నుంచి తీసేశారు. అప్పటికే దింపుకొన్నవాళ్ల దగ్గర మాత్రం మిగిలింది. పండు లేని తొన.

ఇక మన పిల్లలకు బాగా తెలిసిన ఉదాహరణ పబ్‌జీ. అన్ని హంగులతో పూర్తి ఆట, ఉచితం. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. లక్షల గంటల ఆట, కొనుక్కున్న వేషాలు, అన్నీ ఒక్క ఉత్తర్వుతో అందకుండా పోయాయి. దాని బదులు 2021లో భారతదేశం కోసం వేరేగా బీజీఎంఐ వచ్చింది. 2022 జులైలో అదీ దుకాణాల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. నిషేధం సబబా కాదా అన్నది వేరే చర్చ. ఎక్కడో ఉన్న తీగకు కట్టిన ఆటను ఎవరైనా, ఏ కారణంతోనైనా ఆపగలరు. డూమ్ మొదటి భాగాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

తీగ సంగతి కొండల్లోవాళ్లకు మనకంటే బాగా తెలుసు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో సిగ్నల్ అందని పల్లెలు ఎన్నో ఉండేవి. 2020లో ఆన్‌లైన్ పాఠాలప్పుడు పిల్లలు సిగ్నల్ తగిలే గట్టు వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. 2023 జూన్‌లో ఒక్కరోజే 100 కొత్త టవర్లు ప్రారంభించారు. అందులో 85 ఈ ఒక్క జిల్లాలోనివే. లోటు ఎంతుందో ఆ అంకెలే చెబుతాయి. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు పాఠాలను వాటిలోనే నింపి ఇచ్చింది, నెట్ లేకపోయినా తెరుచుకునేలా. పాఠానికి తట్టిన ఆ ఆలోచన ఆటకు ఎందుకు తట్టదు?

టవర్ వచ్చినంత మాత్రాన అయిపోలేదు. రెండు ఫ్లాపీల్లో పట్టిన డెమో ఇప్పుడు ఎన్నో జీబీలయింది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు వేసుకునే ఇంట్లో పది జీబీల డెమో దింపాలంటే వారం పడుతుంది. అది కూడా మధ్యలో తెగకపోతే. రుచి చూడటానికే ఇంత ఖర్చయితే ఇక ఉచితమేముంది? చిన్న ఊళ్ల పిల్లలు డెమోల జోలికి పోకుండా యాభై, వంద ఎంబీల ఉచిత ఆటల వైపు వెళ్లడానికి ఇదీ ఒక కారణమే. బిల్లు లోపల దాచిన ఆటలు ముందుగా వాళ్లకే చేరుతున్నాయి.

అరకు ప్లాట్‌ఫాం మీద తిరుగు రైలు కోసం చూసే వేళ తాతగారెవరైనా సుద్దముక్కతో గీతలు గీసి పులి-మేక మొదలుపెట్టారంటే చూడాలి. మూడు పులులు, పదిహేను మేకలు. గులకరాళ్లు చాలు. పాత గుళ్ల మండపాల్లో ఈ గళ్లు రాతి మీదే చెక్కి ఉంటాయి. నేర్చుకునే పిల్లాడి కోసం రెండు ఆటలు తాతగారు కావాలనే ఓడిపోతారు. ట్రయల్ అంటే అదీ. మూడో ఆట నుంచి పులి నిజంగానే తింటుంది.

కంప్యూటర్ ఉన్న ఇళ్లవాళ్లకు మళ్లీ మంచి రోజులొచ్చాయనే చెప్పాలి. ఆటలమ్మే స్టీమ్ దుకాణంలో 2021 నుంచి నెక్స్ట్ ఫెస్ట్ పేరుతో డెమోల జాతర నడుస్తోంది. ఏడాదిలో మూడుసార్లు, ఒక్కోసారి వందల డెమోలు. చిన్న చిన్న తయారీదార్లవే ఎక్కువ. డెమో లేని ఆటకు ఇంకో ఏర్పాటుంది. 2015 జూన్ నుంచి అక్కడ కొన్న ఆటను 14 రోజుల లోపు, 2 గంటలకు మించి ఆడకుండా ఉంటే తిరిగిచ్చేయవచ్చు. డబ్బు వెనక్కొస్తుంది. ఇదీ గడియారం పెట్టిన ట్రయలే. కాబట్టి కొన్న రోజే, ఇంట్లో కరెంటు, తీరిక ఉన్నప్పుడే తెరవాలి. పిల్లాడికి ఇచ్చి ఊరెళ్లిపోతే రెండు గంటలు ఇట్టే దాటిపోతాయి.

ఫోన్ ఆటలకు మాత్రం పరీక్ష ఇంట్లోనే చేసుకోవాలి. కొత్త ఆట దింపగానే ఫోన్లో విమానం బొమ్మ నొక్కి, నెట్ మొత్తం ఆపేసి ఒకసారి తెరిచి చూడండి. ఆడుతుందా, లేదా? ఆడితే దుకాణం పేజీలో ఆట పేరు దగ్గర ‘యాప్‌లో కొనుగోళ్లు’ అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే ఆ పేజీలో కిందికి వెళ్లాలి. ఒక్కో వస్తువు ధర ఎంత నుంచి ఎంత వరకో అక్కడ చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పై అంకె వేలల్లో ఉందంటే అది మొదటి తొన ధర కాదు, ఆ ఇంటి నుంచి వాళ్లు రాబట్టాలనుకుంటున్న సొమ్ము. పై అంకె, కింది అంకె ఒకటే అయి రెండు మూడు వందలుంటే చాలావరకు అది ఒకసారి కట్టి తాళం తీయించుకునే పాతకాలపు బేరమే. విమానం బొమ్మ పరీక్షలో కూడా అది నెగ్గితే అరకు ప్రయాణానికి పనికొస్తుంది. బొడ్డవర స్టేషన్ వచ్చేలోపు మాత్రం ఫోన్ చార్జింగ్ ఎంతుందో చూసుకోండి.